ఇండక్షన్ స్టవ్ మధ్యలో ఆగిపోతోందా? ముందు గాలి దారి చూడండి

పప్పు సగం ఉడికేసరికి స్టవ్ బీప్‌మని ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. బోర్డు కాలిపోయిందేమోనని టెన్షన్ పడకండి. వేడి బయటికి పోయే దారి లేక స్టవ్ తనను తాను ఆపుకుంటోంది, చాలాసార్లు అంతే.

లోపల కాయిల్‌కి కరెంటు పంపే ఐజీబీటీ అనే పార్టు బాగా వేడెక్కుతుంది. దాన్ని అల్యూమినియం హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాగే రేకుల దిమ్మెకి బిగిస్తారు. ఆ రేకులను అంటుకుని కదలని పల్చటి గాలి పొర ఒకటి ఉంటుంది, అది దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. ఫ్యాన్ గాలి ఆ దుప్పటిని పల్చన చేసి వేడిని లాక్కుపోతుంది. అయితే ఫ్యాన్ తిరిగితే చాలదు, చల్లగాలి లోపలికి రావాలి, వేడిగాలి బయటికి పోవాలి.

సమస్య: ఫ్యాన్ తిరుగుతోంది, అయినా ఆగిపోతోంది.
చాలా స్టవ్‌లు అడుగు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతాయి. మా ఇంట్లో స్టవ్ ఎత్తి చూస్తే, కింద పరిచిన ప్లాస్టిక్ షీటు ఫ్యాన్ జాలీకి అతుక్కుని పైకి లేచింది. దానిమీద జాలీ గీతలు అచ్చు పడి ఉన్నాయి. షీటు తీసేసి నేరుగా గ్రానైట్ మీద పెట్టాం, గోడకి జానెడు దూరం జరిపాం. మళ్లీ ఆగలేదు. మీరూ వెనక రంధ్రాల దగ్గర టిష్యూ ముక్క పట్టుకుని చూడండి. అది గట్టిగా ఎగరకపోతే గాలి ఆడట్లేదన్నమాట.

సమస్య: గరగర శబ్దం, ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం.
తాలింపు జిడ్డు, దుమ్ము కలిసి రెక్కలకి పట్టేశాయి. ప్లగ్ తీసి, జాలీని పొడి బ్రష్‌తో శుభ్రం చేయండి. మూత విప్పాల్సి వస్తే మెకానిక్‌కే ఇవ్వండి. ప్లగ్ తీసినా, కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్ అనే పార్టులో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.

సమస్య: కొత్త ఫ్యాన్ వేశాక ఇంకా త్వరగా ఆగుతోంది.
తిరగేసి బిగించి ఉంటారు. ఫ్రేము మీద గాలి వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని చూసుకోండి. పాత ఫ్యాన్ ఎటు ఊదేదో ఇదీ అటే ఊదాలి.

సమస్య: ఖాళీ బాణలి పెట్టినప్పుడే ఆగుతోంది.
దీనికి ఫ్యాన్‌తో పని లేదు. గాజు పలక కింది సెన్సర్ ఆపుతోంది, పవర్ తగ్గించి వాడండి.

ఇక స్విచ్ ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతోందంటే అది రిపేరు కాదు. లోపల మిగిలిన వేడిని తోడేస్తోంది. అది ఆగేదాకా ప్లగ్ పీకకండి.