ప్యాసేజ్ చదివినా జవాబు తప్పుతోందా? లోపం ఎక్కడుందో ముందు చూడండి

ఇంగ్లిష్ పేపర్‌లో ప్యాసేజ్ దగ్గర మార్కులు ఎందుకు పోతున్నాయని పదో తరగతి పిల్లల్ని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "వొకాబులరీ లేదు మేడమ్." ఇంట్లోవాళ్లు ఆ మాట పట్టుకుని డిక్షనరీ కొనిస్తారు, రోజుకు పది మాటలు బట్టీ పట్టమంటారు. నోట్‌బుక్ నిండుతుంది, మార్కులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మాటలు రాకపోవడం కొందరికి నిజంగానే సమస్య. కానీ పేపర్లు దిద్దుతుంటే నాకు కనిపించేది వేరు. పిల్లలకు బాగా తెలిసిన మాటలున్న వాక్యాల దగ్గరే చాలా జవాబులు తప్పుతుంటాయి. అందుకని కొత్త పుస్తకం కొనేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

దానికి ఇంట్లోనే చేయదగ్గ పరీక్షలు రెండున్నాయి.

మొదటిది తెలుగులో. దినపత్రికలోంచి పది పన్నెండు లైన్ల వార్త ఒకటి ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి నేరుగా వార్తలో ఉన్నది, ఒకటి 'ఎందుకు' అనేది, ఒకటి 'కిందివాటిలో ఏది నిజం కాదు' అనేది, ఇంకొకటి 'దీన్నిబట్టి ఏం తెలుస్తోంది' అనేది. తెలుగులోనూ తడబడితే అది ఇంగ్లిష్ సమస్య కాదు, చదివే అలవాటు లేకపోవడం. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఇది చాలా మామూలు. అలాంటప్పుడు కొన్ని వారాలు తెలుగు వార్తలతోనే ఇవే ప్రశ్నలు సాధన చేయించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒక భాషలో పట్టుబడిన నేర్పు రెండోదానికీ పనికొస్తుంది.

రెండోది చెవితో. పాత ఇంగ్లిష్ ప్యాసేజ్ ఒకటి మీరే నెమ్మదిగా, ఆగాల్సిన చోట ఆగుతూ చదివి వినిపించండి. చూసి చదివినప్పుడు అర్థం కానిది వింటే అర్థమైతే లోపం భాషలో లేదు, అక్షరాలు కూడబలుక్కోవడంలో ఉంది. ఆ పిల్లలకు గ్రామర్ చెప్పి లాభం లేదు. పై తరగతి పుస్తకం పక్కన పెట్టి ఆరో, ఏడో తరగతి పాఠాలు రోజూ ఓ పేజీ చదివిస్తే వేగం వస్తుంది.

ఈ రెండు పరీక్షలూ దాటాక కూడా జవాబులు తప్పుతుంటే, కిందివాటిలో మీ ఇబ్బంది ఏదో చూసుకోండి.

గడగడా చదువుతారు, ఏముందో చెప్పమంటే చెప్పలేరు

కారణం: తరగతిలో రీడింగ్ అంటే ఒక్కొక్కరూ లేచి పైకి చదవడమే. ధ్యాసంతా ఉచ్చారణ మీద, పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న భయం మీద ఉంటుంది. అర్థానికి చోటెక్కడ?

పరిష్కారం: ఒక పేరా మనసులో చదివి, పుస్తకం మూసి, అందులో ఎవరున్నారు, ఏం జరిగింది అన్నది రెండు వాక్యాల్లో తెలుగులోనే చెప్పాలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులున్నాయని తెలుసు. ఈ ఒక్క పనికి మాత్రం ఆ పట్టుదల నష్టమే చేస్తుందని నా అభిప్రాయం. అర్థమైందో లేదో తేలాలంటే పిల్లలకు తడబాటు లేని భాషలో చెప్పనివ్వాలి. చెప్పడం అలవాటయ్యాక ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో మూడు నాలుగు మాటలు రాసుకుంటే చాలు: 'బావి ఎండింది', 'ఊళ్లో గొడవ', 'ఇంజనీరు వచ్చాడు'. ఏ ప్రశ్నకు ఏ పేరాలో వెతకాలో ఆ మాటలే చూపిస్తాయి.

మాటలన్నీ తెలుసు, వాక్యం మాత్రం తిరగబడుతోంది

మన పిల్లలకు ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఈ వాక్యం చదవండి:

'ది ఫార్మర్ హూ హ్యాడ్ లెంట్ హిస్ బుల్లక్స్ టు రాములు కుడ్ నాట్ ప్లౌ హిస్ ఓన్ ఫీల్డ్ అంటిల్ ది రెయిన్స్ వర్ ఓవర్.'

పెద్ద కష్టమైన మాటలేమీ లేవు. ప్లౌ తెలియకపోయినా పక్కనే ఎద్దులూ పొలమూ ఉన్నాయి కాబట్టి దున్నడమేనని తెలిసిపోతుంది. ఇప్పుడు ప్రశ్న: పొలం దున్నలేకపోయింది ఎవరు? చాలామంది 'రాములు' అని రాస్తారు. 'రాములు కుడ్ నాట్ ప్లౌ' అని ఆ మాటలు వరసగా కనిపించాయి కదా మరి! రెండో ప్రశ్న: ఆ పొలం దున్నడానికి చివరికి వీలైందా, లేదా? 'కుడ్ నాట్' చూసి 'లేదు' అంటారు. రెండూ తప్పే. దున్నలేకపోయింది ఎద్దుల్ని అరువిచ్చిన రైతు. వానలు వెలిశాక అతనికి దున్నడానికి వీలైంది.

కారణం: తెలుగులో వివరం ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. 'రాములుకు ఎద్దుల్ని అరువిచ్చిన రైతు' అంటాం. ఇంగ్లిష్‌లో రైతు ముందు, అతని వివరం వెనక. పైగా మన క్రియ వాక్యం చివర ఉంటుంది. అందుకే పిల్లలు వాక్యం చివరికంటా వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి అర్థం కూర్చుకుంటూ వస్తారు. ఐదారు మాటల వాక్యానికి ఈ పద్ధతి సరిపోతుంది. రెండు లైన్ల వాక్యం దగ్గర ఎవరి పని ఎవరికో అంటుకుంటుంది.

పరిష్కారం: పెన్సిల్‌తో ముక్కలు చేయండి. హూ, విచ్, దట్, వెన్, బికాజ్, ఇఫ్, అంటిల్, బట్ లాంటి మాటల ముందు ఒక గీత. వివరం ముగిసి అసలు క్రియ మొదలయ్యే చోట ఇంకో గీత. పై వాక్యం ఇలా అవుతుంది:

'ది ఫార్మర్ / హూ హ్యాడ్ లెంట్ హిస్ బుల్లక్స్ టు రాములు / కుడ్ నాట్ ప్లౌ హిస్ ఓన్ ఫీల్డ్ / అంటిల్ ది రెయిన్స్ వర్ ఓవర్.'

ఇప్పుడు 'హూ' ముక్కను వేలితో మూసేయండి. 'ది ఫార్మర్ / కుడ్ నాట్ ప్లౌ హిస్ ఓన్ ఫీల్డ్ / అంటిల్ ది రెయిన్స్ వర్ ఓవర్' మిగులుతుంది. అసలు సంగతి అదే. వేలు తీస్తే ఆ రైతు ఎవరో తెలుస్తుంది. మొదట్లో ఇది నత్తనడకలా అనిపిస్తుంది. సాంఘికశాస్త్రం పుస్తకంలోంచి రోజుకు నాలుగైదు పొడుగు వాక్యాలు ఇలా విడగొడుతుంటే కొన్నాళ్లకు గీతలు గీయకుండానే కంటికి ముక్కలు కనిపిస్తాయి.

'నాట్ ... అంటిల్' సంగతి వేరుగా గుర్తుంచుకోవాలి. ఆ రెండూ ఒకే వాక్యంలో కనిపిస్తే 'అప్పటిదాకా లేదు, ఆ తర్వాతే' అని చదువుకోండి. 'నాట్' అనే మాట లేకపోయినా 'కాదు', 'లేదు' అనే అర్థమిచ్చే మాటలూ ఉన్నాయి. 'టూ టైర్డ్ టు వాక్' అంటే నడవలేనంత అలసట. 'హార్డ్‌లీ స్పోక్' అంటే మాట్లాడలేదన్నట్టే, బాగా మాట్లాడాడని కాదు. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొందరు వచ్చారు, 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే పెద్దగా ఎవరూ రాలేదు. 'అన్‌లెస్' కూడా ఈ జాబితాలోదే. ఇలాంటివి కనపడగానే సున్నా చుట్టడం అలవాటు చేసుకోండి. 'ట్రూ ఆర్ ఫాల్స్' ప్రశ్నలు తయారుచేసేవాళ్ల కన్ను ముందుగా పడేది వీటి మీదే.

కథ అర్థమైంది, ఎవరు ఎవరో కలిసిపోయారు

'లక్ష్మి టోల్డ్ హర్ మదర్ దట్ షి హ్యాడ్ లాస్ట్ ది కీ. షి వజ్ నాట్ యాంగ్రీ.' తాళంచెవి పోగొట్టింది లక్ష్మి. కోప్పడనిది అమ్మ. 'షి' రెండుచోట్లా ఒకటే, మనుషులు వేరు.

కారణం: మనం 'తను', 'వాళ్లమ్మ' అనో, అసలు కర్తే చెప్పకుండానో నెట్టుకొస్తాం. ఇంగ్లిష్‌లో దాదాపు ప్రతి వాక్యానికీ కర్త కనిపించాలి, పేరు చెప్పనిచోట హి, షి, ఇట్, దే ఏదో ఒకటి కూర్చుంటుంది. పిల్లలు వాటిని చదవకుండా దాటేస్తారు.

పరిష్కారం: ప్రతి 'షి' నుంచి ఆ మనిషి పేరుకు బాణం గీయండి. రెండు పేర్లు కుదిరేలా ఉంటే రెండూ పెట్టి చదివి, కథకు ఏది నప్పుతుందో చూడండి. 'ఇట్', 'దిస్' ఇంకాస్త తిప్పలు పెడతాయి. అవి ఒక వస్తువునే కాదు, ముందు వాక్యంలో చెప్పిన సంగతి మొత్తాన్నీ సూచించగలవు. 'దిస్ మేడ్ హిమ్ శాడ్' అంటే 'దిస్' ఏమిటో వెనక్కి వెళ్లి వెతకాల్సిందే.

తెలిసిన మాటే మోసం చేస్తోంది

ఇది అచ్చంగా మన ఇబ్బంది. వందల ఇంగ్లిష్ మాటలు తెలుగులో కలిసిపోయాయి, కాకపోతే వాటికి మనం పెట్టుకున్న అర్థం ఒకటే. ఫంక్షన్ అంటే మనకు ఓణీల వేడుకో గృహప్రవేశమో. 'ది ఫంక్షన్ ఆఫ్ ది కిడ్నీ' అంటే కిడ్నీ చేసే పని. కరెంట్ అంటే మనకు వేసవిలో పోయేది. 'కరెంట్ ప్రైస్' అంటే ఇప్పటి ధర, నది దగ్గర 'స్ట్రాంగ్ కరెంట్' అంటే నీటి ఉరవడి. హోటల్ అంటే మనం ఇడ్లీ తినే చోటు, ప్యాసేజ్‌లో చాలాసార్లు రాత్రి బస చేసే చోటు. 'ఐ డౌట్ హిస్ స్టోరీ' అన్నవాడు సారును ఏదో అడగబోవడం లేదు, ఆ కథను నమ్మడం లేదు. 'షి ఎంజాయ్డ్ హిస్ కంపెనీ'లో ఫ్యాక్టరీ ఏదీ లేదు, అతని తోడు ఆమెకు నచ్చిందని అర్థం.

పరిష్కారం: రోజుకు పది కొత్త మాటల నోట్‌బుక్ బదులు ఇలాంటి పాత మాటలకు ఒక నోట్‌బుక్ పెట్టండి. మాట ఒక్కటే కాకుండా అది కనిపించిన వాక్యం మొత్తం రాయండి. తెలియని మాటైతే కనీసం ఆగి ఆలోచిస్తారు. ఇలాంటివాటి దగ్గర ఆగాలని కూడా తోచదు.

తెలియని మాట రాగానే ఆగిపోతున్నారు

మొత్తం ప్యాసేజ్ ఒకసారి ఆగకుండా చదివి, తెలియని మాటల కింద గీత మాత్రం పెట్టండి. ప్రశ్నలు చూశాక వాటిలో అవసరమయ్యేవి ఒకటో రెండో తేలతాయి. వాటికి ముందూ వెనకా వాక్యాలు చూడండి. మాటకు ముందు అన్, డిస్, ఇమ్, చివర లెస్ ఉంటే సాధారణంగా వ్యతిరేకార్థమే. మిగతావి వదిలేయండి, నష్టం లేదు.

జవాబు ప్యాసేజ్‌లోంచే ఎత్తి రాశారు, అయినా తప్పైంది

కారణం: ప్రశ్నలోని మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని యథాతథంగా దించేయడం. 'వై' ప్రశ్నకు ఇది తరచూ ఎదురుతిరుగుతుంది. 'హి లెఫ్ట్ ది స్కూల్' ఒక వాక్యంలో ఉంటే, ఎందుకు వదిలాడన్నది అంతకుముందు వాక్యంలో 'హిజ్ ఫాదర్ ఫెల్ ఇల్' అని ఉంటుంది. బహుళైచ్ఛిక ప్రశ్నల్లోనూ ఇదే తంతు. ప్యాసేజ్‌లోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా కనిపించే ఆప్షన్ చాలాసార్లు ఎర. సరైన జవాబు వేరే మాటల్లో ఉంటుంది.

పరిష్కారం: మాట దొరికిన వాక్యంతో పాటు పైదీ కిందిదీ కూడా చదవాలి. ఆప్షన్లు చూసేముందు జవాబు మనసులో తెలుగులో అనుకుని, దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి.

'ఇన్ఫర్' అని ఉన్న ప్రశ్న వేరు. దాని జవాబు ప్యాసేజ్‌లో రాసి ఉండదు. 'చూసినవాళ్లెవరూ లేరని నిర్ధారించుకుని ఆమె ఆ ఉత్తరం చించేసింది' అని ఉంటే, ఉత్తరం సంగతి ఇతరులకు తెలియడం ఆమెకు ఇష్టం లేదని మనం గ్రహించాలి. అంతవరకే. ఉత్తరం ఎవరు రాశారో, అందులో ఏముందో ఊహించి రాస్తే మార్కు పోతుంది. 'ఈ మాట ఏ వాక్యం చూసి అంటున్నావు?' అని మిమ్మల్ని మీరు అడగండి. వాక్యం చూపించలేకపోతే ఆ జవాబు కొట్టేయండి.

ఇంట్లో బాగానే చేస్తారు, పరీక్షలో తేలిపోతారు

గైడ్‌లో జవాబులున్న ప్యాసేజ్‌లతోనో, ఫోన్‌తో ఫొటో తీసి గూగుల్ ట్రాన్స్‌లేట్ ఇచ్చిన తెలుగుతోనో చేస్తున్నారేమో చూడండి. అప్పుడు సాధన అవుతున్నది ఇంగ్లిష్ చదవడం కాదు. ట్రాన్స్‌లేట్ వద్దనను, కానీ జవాబులు రాశాక సరిచూసుకోవడానికే వాడండి.

ఇంతకంటే మంచి సాధనం చాలామంది బ్యాగులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురుపేజీ అదే పాఠం తెలుగులో ఉంటాయి. మీ తరగతివి దొరక్కపోతే తమ్ముడివో చెల్లెలివో తీసుకోండి. సైన్స్ పాఠంలో ఇంగ్లిష్ పేజీ చదివి, సారాంశం రాసి, ఆ తర్వాతే ఎదురుపేజీ చూడండి. తేడా వచ్చిన వాక్యాన్ని గీతలతో ముక్కలు చేయండి.

టైమ్ చాలడం లేదు

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షలో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇస్తారు. కొందరు ఆ సమయమంతా వ్యాసం ప్రశ్న చూసి టెన్షన్ పడటంతోనే గడిపేస్తారు. ఆ సమయంలోనే పాఠ్యపుస్తకంలో లేని ప్యాసేజ్ (అన్‌సీన్ ప్యాసేజ్) ప్రశ్నలు ఒకసారి చూసి, ప్యాసేజ్ చదివేయండి. ఒక ప్రశ్న తేలకపోతే గుర్తు పెట్టి ముందుకు వెళ్లాలి. ఇంట్లో మాత్రం మొదటి నెలలోనే గడియారం పెట్టకండి. జవాబులు సరిగ్గా రావడం మొదలయ్యాక పెట్టండి.

లైన్లు దాటేస్తున్నారు, చదివిన లైనే మళ్లీ చదువుతున్నారు

ఇది బద్ధకమని తిడతారు. తిట్టేముందు ఒక మాట. కాసేపు చదవగానే తలనొప్పి, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, బోర్డు మీది అక్షరాలకు కళ్లు చికిలించడం లాంటివి కూడా ఉంటే కళ్లు చూపించండి. ఇంగ్లిష్ ప్యాసేజ్‌లో అక్షరాలు చిన్నవి, లైన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి లోపం అక్కడే ముందు బయటపడొచ్చు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో కంటి విభాగం ఉంటుంది. కళ్లజోడు ఇస్తే అది పెట్టించి, తప్పులు వచ్చిన అదే ప్యాసేజ్ మళ్లీ చదివించి చూడండి.