కయాక్ మీద సముద్రపు గాలం వేట: ముందు తిరుగుప్రయాణం చూసుకోండి

కయాక్‌కు మోటారు లేదు. గాలి ఎటు తోస్తే అటు పోయే ప్లాస్టిక్ డొల్ల, చేతిలో ఒక తెడ్డు. అంతే. ఏ చేప, ఏ ఎర అనుకునే ముందు, చేతులు అలిసిపోయాక ఒడ్డుకు ఎలా వస్తామో తేల్చుకోవాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూ తిరిగేవే.

గాలి, నీరు

గాలి వేగం కంటే దిక్కు ముఖ్యం. నేల మీంచి సముద్రంలోకి వీచే గాలి ఉన్న రోజు ఒడ్డు దగ్గర నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. కొత్తవాళ్లు మోసపోయేది అక్కడే. దిబ్బలూ చెట్లూ గాలిని ఆపడం వల్ల వచ్చిన ప్రశాంతత అది. కిలోమీటరు లోపలికి పోయేసరికి అలలు లేస్తాయి, వెనక్కి తిరిగితే మొహాన ఎదురుగాలి. మామూలు మనిషి నిలకడగా తెడ్డు వేస్తే గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతాడు. 15 నాట్ల ఎదురుగాలిలో (గంటకు 28 కి.మీ.) అందులో సగం సాధించినా గొప్పే. కొత్తలో 10 నాట్లు దాటితే పడవ దింపకండి. నీళ్ల మీద అక్కడక్కడ అలల తలలు తెల్లగా విరుగుతుంటే గాలి సుమారు 12 నాట్లకు చేరిందని అర్థం.

తెల్లవారుజామున సన్నగా వీచే నేలగాలికి భయపడనక్కర్లేదు. పొద్దెక్కి నేల వేడెక్కితే అది ఆగి, సముద్రపు గాలి మొదలవుతుంది. తెరచాప పడవలు ఆ రెంటినీ నమ్ముకునే పోయి వచ్చేవి. వాతావరణ సూచనలో రోజంతా నేలవైపు నుంచే గాలి అని ఉంటే మాత్రం ఆ రోజు ఇంట్లో రీళ్లకు నూనె పెట్టుకోవడం మంచిది. గాలి ఒడ్డు వెంబడి ఉంటే ముందు ఎదురుగాలికి వెళ్లండి, వాలుగాలికి తిరిగి రండి.

చాలా తీరాల్లో పోటు (నీరు ఎక్కడం) ఆరు గంటలు, పాటు (నీరు తీయడం) ఆరు గంటలు. ఆ ఆరింటిలో మూడు, నాలుగో గంటల్లోనే సగం నీరు కదులుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ తర్వాత ఒకటి రెండు రోజులూ జోరు ఎక్కువ. చేపలు మేతకు వచ్చేది నీరు కదిలేటప్పుడే, కాబట్టి పోటు సగంలో ఉండగా రాళ్ల అంచుల దగ్గర ఉండేలా లెక్క వేసుకోవాలి. మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, వేరే లెక్క. పాటు నీరు బయటికి తోస్తుంటే, గాలి సముద్రం నుంచి లోపలికి వీస్తుంటే, అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ఆ వేళ మొగ దాటే ప్రయత్నం చేయకండి.

పడవ, సామాను

సముద్రానికి పైన కూర్చునే రకం కయాకే తీసుకోవాలి: పొడవు 3.3 నుంచి 4 మీటర్లు, వెడల్పు 75 నుంచి 85 సెంటీమీటర్లు. పైకి వచ్చిన నీళ్లు రంధ్రాల్లోంచి దిగిపోతాయి. దింపే ముందు డ్రెయిన్ బిరడా (డొల్లలో చేరిన నీళ్లు వదిలే రంధ్రానికి మూత) బిగించారో లేదో చేత్తో తడిమి చూడండి. మరిచిపోతే వెంటనే మునగదు, అదే అసలు చిక్కు. గంట తర్వాత పడవ మొద్దుగా, పక్కలకు ఊగుతున్నట్టు అనిపిస్తుంది. అప్పటికి డొల్లలో నీళ్లు అటూ ఇటూ పరుగెడుతుంటాయి.

లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు వెనక కాదు. దానికే విజిల్, చిన్న కత్తి, నీళ్లు చొరని వీహెచ్ఎఫ్ రేడియో (ఆపదలో 16వ చానల్). ఇవి పడవకు కట్టుకుంటే పడవ పోయినప్పుడు అవీ పోతాయి. తెడ్డుకూ రాడ్లకూ తాళ్లు కట్టండి, కానీ మీటరు కంటే పొడవు వద్దు. బోల్తా పడితే కాళ్లకు చుట్టుకునేవి అవే. తాగే నీళ్లు మూడు లీటర్లు. బట్టలు నీటి చల్లదనాన్ని బట్టి వేసుకోవాలి, ఎండను బట్టి కాదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి రాకపోతే కబురు చేయాలో ఒడ్డున ఒకరికి చెప్పండి.

రాడ్లు రెండు చాలు, మూడోది చిక్కులకే. రెండు మీటర్ల స్పిన్నింగ్ రాడ్, 4000 సైజు రీలు, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని చివర మీటరున్నర పొడవున 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (హుక్కు కట్టే గట్టి లైన్ ముక్క). పదునైన పళ్ల చేపలు తిరిగే చోట చివర్న జానెడు వైరు. డ్రాగ్ (చేప లాగితే రీలు లైన్ వదిలే బిగువు) రెండు కిలోల దగ్గర ఉంచండి. ఒడ్డు మీద నుంచి వేసేవాళ్లలాగా బిగిస్తే చేప లాగేది లైన్‌ని కాదు, మిమ్మల్ని. మూడు కొక్కేల హుక్కులు తీసేసి ఒంటి హుక్కులు వేయండి. ఒళ్లో చేప గిలగిల్లాడుతున్నప్పుడు ఈ సలహా విలువ తెలుస్తుంది.

అలలు దాటడం, వేట

ఒడ్డున నిలబడి పది నిమిషాలు అలలు చూడండి. పెద్దవి గుంపుగా వచ్చి పోయాక కాసేపు తెరిపి ఉంటుంది. రాడ్లన్నీ పడుకోబెట్టి కట్టేసి, అణియం (పడవ ముందు కొన) అలకు సూటిగా పెట్టి, ఆ తెరిపిలో ఆగకుండా తెడ్డు వేయాలి. మధ్యలో ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగితే బోల్తా.

వేట చోటుకు పోయేటప్పుడే మిన్నో ఎరను (చిన్న చేప ఆకారపు కృత్రిమ ఎర) 25, 30 మీటర్ల వెనక లాగుతూ పోవచ్చు. చోటు దొరికాక గాలికి పడవను వదిలి 20 నుంచి 40 గ్రాముల జిగ్ (బరువైన లోహపు ఎర) అడుగుకు దించండి. సర్కిల్ హుక్‌తో (కొన లోపలికి వంగిన గుండ్రటి హుక్కు) ఎర వేస్తే రాడ్ ఝాడించకండి. చేప లాక్కుపోతుంటే లైన్ నెమ్మదిగా బిగించండి, నోటి మూలన అదే గుచ్చుకుంటుంది.

లంగరు విషయం కాస్త నిదానంగా చూద్దాం. కిలోన్నర మడత లంగరు, లోతుకు కనీసం మూడింతల తాడు: పది మీటర్ల లోతుకు ముప్పై. ఆ తాడును సీటు పక్కన కట్టారా, ప్రవాహం పడవను అడ్డంగా తోస్తుంది, తాడు ఆ అంచును కిందికి గుంజుతుంది, నీళ్లు పైకెక్కుతాయి, మిగతాది క్షణాల్లో అయిపోతుంది. అందుకే పడవ పక్కన పొడవునా చిన్న కప్పీల మీద తిరిగే వేరే తాడు, దానికొక రింగు. లంగరు వేసి దాని తాడు రింగులో పెట్టగానే, రింగును అణియానికో అమరానికో (వెనక కొన) లాగేయండి. లంగరు తాడు కొసన నీళ్లపై తేలే బుడ్డి కట్టి ఉంచితే పెద్ద చేప పడ్డప్పుడు వదిలేసి పోయి, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. రాళ్లలో లంగరు ఇరుక్కోకుండా తాడును లంగరు అడుగున ముడివేసి, పైచివర ప్లాస్టిక్ టైతో మాత్రమే బిగించండి. గట్టిగా లాగితే టై తెగి, లంగరు తలకిందులుగా ఊడొస్తుంది.

చేప పడ్డాక రాడ్ కొన అణియం వైపు తిప్పండి. పడవ దాని వెంట పోతుంది, పోనివ్వండి. ఆ బరువే దాన్ని అలసగొడుతుంది. పక్కకు వచ్చాక తొందరపడితేనే చేటు. లైన్ రాడ్ పొడవంతే బయట ఉంచి, రెండు కాళ్లూ చెరో పక్క నీళ్లలో వేసి, వల ముందే నీళ్లలో ముంచి, చేపను తలతో వలలోకి నడిపించండి. మీ తల పడవ మధ్యగీత దాటి బయటికి పోకూడదు. జెల్లల ముళ్లు, పండుగప్ప మొప్పల అంచులు చేతులు కోస్తాయి, గ్రిప్పర్‌తోనే (చేప దవడ పట్టుకునే పటకారు) పట్టుకోండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే 45 డిగ్రీలు దాటని వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర పెడితే నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపలుంటే డాక్టర్ దగ్గరికే. టేకు చేప (తోకకు విషపు ముల్లుండేది) పడితే దాన్ని పైకి తేకండి, లైన్ కోసేయండి.

తినడానికి ఉంచుకునే చేప మొప్పల దగ్గర కోసి, రక్తం పోయాక ఐసూ సముద్రపు నీళ్లూ కలిపిన సంచిలో వేయాలి. కానాగంతలు, తూరలు వెచ్చగా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. వండినా పోదు.

బోల్తా పడితే, ఒడ్డుకు చేరితే

నీళ్లలోంచి మళ్లీ పడవ ఎక్కడం ముందే మెడలోతు నీళ్లలో పదిసార్లు సాధన చేసి ఉండాలి. పడవను తిరగేసి, నడుమున పట్టుకుని, కాళ్లు వెనక నీటి మట్టానికి వచ్చేదాకా తన్ని, పొట్ట మీద అడ్డంగా పాకండి. తర్వాత తిరిగి పిర్రలు సీట్లోకి, చివర్న కాళ్లు. ముందే నిలువుగా ఎక్కబోతే పడవ మళ్లీ మీద పడుతుంది. ఎక్కలేకపోతే పడవను వదలకండి, దూరం నుంచి కనబడేది అదే.

ఒడ్డుకు చేరేటప్పుడు మళ్లీ రాడ్లు కట్టేసి, విరిగిన అల వెనకే రండి. దిగేది సముద్రం వైపు. పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడితే, నీళ్లు నిండిన కయాక్‌ను అల మోకాళ్ల మీదికి విసురుతుంది.

ఇంటికి వచ్చాక రీళ్ల డ్రాగ్ బిగించి సన్నటి మంచినీటి జల్లుతో కడగండి, ఆరాక వదులు చేయండి. పైపు జోరుగా కొడితే ఉప్పు బేరింగుల్లోకి పోతుంది. పడవను ఒడ్డు మీద లాక్కెళ్లే ట్రాలీ చక్రాలు కూడా కడగండి. ఎక్కువమంది మరిచేది, ముందు తుప్పు పట్టేది అవే.