ఎక్స్‌పీ ప్రొడక్ట్ కీ నుంచి ప్రొడక్ట్ ఐడీ లెక్క కుదిరింది (నా అనుభవం)

పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్స్ కొన్ని ఉన్నాయి, కీలు (ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొట్టే 25 అక్షరాల కోడ్‌లు) ఒక కాగితం మీద, ఏ కీ దేంట్లో వేశామో ఎవరికీ గుర్తులేదు. స్క్రీన్ మీద కనిపించేది ప్రొడక్ట్ ఐడీ (కీ నుంచి పుట్టే, నాలుగు గుంపుల నంబరు) మాత్రమే, నేను కీ నుంచి లెక్కేస్తే అది సరిగ్గా రెట్టింపు వచ్చేది.

అక్షరాల వరస మార్చా, బైట్లు తిరగేశా, 64 బిట్ల వేరియబుల్‌తో కూడా లాగించా, అన్నీ దండగే.

చివరికి పనిచేసింది ఇది. కీలో వాడేవి 24 అక్షరాలే, బీ నుంచి వై దాకా కొన్ని, తర్వాత 2 3 4 6 7 8 9 (అచ్చులు లేవు, సున్నా ఒకటి కూడా లేవు). సున్నాతో మొదలెట్టి ఒక్కో అక్షరానికి ఉన్నదాన్ని 24తో గుణించి ఆ వరసలో ఆ అక్షరం స్థానం (బీ అంటే 0) కలుపుతూ పోవాలి, 25 అక్షరాలూ అయ్యేసరికి దాదాపు 115 బిట్ల సంఖ్య వస్తుంది కాబట్టి పెద్ద పూర్ణాంకాలు పట్టే భాష కావాలి. అందులో చివరి (కుడివైపు) 31 బిట్లు తీసుకుని *రెండుతో భాగించాలి*, నేను వదిలేసింది ఇదే! ఉదాహరణకి 640204815 వచ్చిందనుకోండి, 640 ప్రొడక్ట్ ఐడీలో రెండో గుంపు, మూడో గుంపు 204815, దాని పక్కన ఒక చెక్ అంకె (సరిచూసుకోడానికి కలిపేది), ఈ మూడో గుంపు ఏడంకెల కూడిక 7తో భాగం పోవాలి, 20కి 1 కలిపితే 21, అంటే 640-2048151. చివరి గుంపులో ఆఖరి మూడంకెలు ర్యాండమ్, వాటిని పోల్చకండి.

నా దగ్గరున్న ఎక్స్‌పీ కీలకి కుదిరింది, మిగతా వాటికి గ్యారంటీ ఇవ్వలేను, విండోస్ 8 నుంచి కీలో ఎన్ అక్షరం కూడా వస్తుంది కాబట్టి అక్కడ ఈ లెక్క పనికిరాదు.