పిల్లలకి శెనక్కాయలు ఒలిచి ఇవ్వకండి, కాయలుగానే ఇవ్వండి

మాది కదిరి దగ్గర పల్లె. మాకు అవి శెనక్కాయలు. హైదరాబాద్‌లో పుట్టిన నా పిల్లలిద్దరికీ పల్లీలు, అది కూడా ఒలిచి ప్యాకెట్లో వచ్చేవి. దీపావళికి అటూ ఇటూగా, చెట్టు పీకిన రోజే మా నాన్న అరమూట కాయలు బస్సులో వేసి పంపుతాడు. మూట విప్పిన సాయంత్రం ఇంట్లో ఎవరూ ఫోన్ అడగరు.

ముందు కమ్మలు. కాయ ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే అతుకు మీద నోరు తెరుచుకుంటుంది. ఆ నోట్లో చెవి తమ్మె పెట్టి వదిలేస్తే కరుచుకుని వేలాడుతుంది. మావాడు ముక్కుకి కూడా పెట్టుకుని ఏడ్చాడు, చెవితో ఆపండి.

ఆ పూటకి పచ్చికాయలు ఉడకబెట్టడమే. కిలో కాయలు పిల్లలే మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగాలి. కాయలు మునిగేలా నీళ్లు, రెండు స్పూన్ల ఉప్పు వేసి కుక్కర్ పెట్టండి. మూడు విజిల్స్ వచ్చాక సన్న సెగ మీద పది నిమిషాలు. దించాక అరగంట ఉప్పునీళ్లలోనే వదిలేయండి, అప్పుడే గింజకి ఉప్పు పడుతుంది.

మిగిలినవి మేడ మీద నాలుగైదు రోజులు బాగా ఎండాక బొమ్మలు. కాయకి నడుము ఉంటుంది కదా, అక్కడ బ్రెడ్ కోసే పళ్ల కత్తితో చుట్టూ మెల్లగా గీయండి. ఈ పని పెద్దవాళ్లదే, విరిస్తే నిలువునా పగులుతుంది. ఇప్పుడు రెండు టోపీలు వస్తాయి. గింజ తీసేసి, స్కెచ్ పెన్నుతో కళ్లు, మీసం గీసి పిల్లల వేలికొసకి తొడిగితే తోలుబొమ్మలాట మొదలు. మూడు గింజల కాయ దొరికితే, మా ఇంట్లో అది కోయకుండా రాజు. కిందటేడు గింజలు లోపలే ఉంచి చేసిన బొమ్మల్ని డబ్బాలో దాచాం. సంక్రాంతికి తీస్తే ఒక్కో రాజుకీ కడుపులో చిల్లు, డబ్బా నిండా పురుగులు. దాచుకునేవి ఖాళీ డిప్పలతోనే చేయండి.

ఇక ఉండలు. పాకం పట్టే పల్లీపట్టి పిల్లలతో వద్దు, పాకం చుక్క పడితే చర్మం లేచొస్తుంది. దీనికి పాకం అక్కర్లేదు. రెండు గ్లాసుల గింజలు సన్న సెగ మీద, చిటపటలాడి మచ్చలు పడేదాకా మీరు వేయించండి. చల్లారాక పిల్లలకి అప్పగించండి. అరచేతుల మధ్య నలిపి, చేటలో పోసి, ఊఫ్ అని ఊదడం. పొట్టు ఇల్లంతా ఎగురుతుంది, అందుకే బాల్కనీలో. మా పాప ఈ పని ముగించడానికి గంట తీసుకుంటుంది, ఎందుకంటే ప్రతి గింజనీ రెండుగా విప్పి కొసన ఉన్న గడ్డం తాతని చూస్తుంది. తాత అంటే మొలక. చూసి, తాతని తినేస్తుంది.

పొట్టు పోయిన పల్లీలకి గ్లాసు తురిమిన బెల్లం, ఒక యాలక్కాయ గింజలు కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె తేలి ముద్దైపోతుంది. పిడికిట్లో పిసికితే నిలబడాలి, అంతే. చిన్న నిమ్మకాయంత ఉండలు ఇరవై దాకా వస్తాయి.

నల్లబడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి మొహమాటం లేకుండా పారేయండి. అయిదేళ్ల లోపు పిల్లలకి గింజ గింజగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది. పక్కింటి పిల్లలు వస్తే వేరుశనగ పడుతుందో లేదో వాళ్లమ్మని ముందే అడగండి.

వేయించని గింజలు నాలుగు తీసి కుండీలో అంగుళం లోతున గుచ్చండి. వారంలో మొలకలు, నెల దాటేసరికి పసుపు పూలు. పువ్వు వాడాక అక్కడి నుంచి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలో దూరుతుంది. మావాడు రోజూ స్కేలు పెట్టి కొలుస్తున్నాడు, దూరాక మట్టి తవ్వి చూడనివ్వడం లేదని నా మీద అలిగాడు.