విమాన ప్రయాణపు లెక్క – మూడో పాఠం: శంషాబాద్ నుంచి దుబాయ్‌కి

పటం మీద అక్షాంశం, రేఖాంశం గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి వాటితో దూరం కడదాం. ఉదాహరణకు దుబాయ్‌నే తీసుకుంటున్నాను. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఆ ఊరితో సంబంధం లేని వీధి అరుదు.

శంషాబాద్ విమానాశ్రయం 17.24 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం మీద ఉంది. దుబాయ్‌ది 25.25, 55.36. అక్షాంశాల తేడా 8.01 డిగ్రీలు, రేఖాంశాల తేడా 23.07.

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. 8.01ని 111తో గుణిస్తే 889. రేఖాంశాలు అలా కావు. పుచ్చకాయ చారలు తొడిమ దగ్గర కలిసినట్టు ధ్రువాల వైపు దగ్గరవుతాయి. అందుకే సగటు అక్షాంశపు కొసైన్‌తో (కాలిక్యులేటర్‌లో cos మీట) గుణించి తగ్గించాలి. సగటు 21.25, దాని కొసైన్ 0.932. ఫోను కాలిక్యులేటర్ రేడియన్లలో కాక డిగ్రీల్లోనే ఉందో లేదో ముందే చూసుకోండి. 23.07 × 0.932 × 111 = 2,387.

ఇక బడిలో చదివిన పైథాగరస్ సూత్రమే. 889, 2,387 వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 2,547 కిలోమీటర్లు.

గంటకు 850 కిలోమీటర్ల వేగంతో ఇది మూడు గంటల దారి. విమానం రన్‌వే దాకా వెళ్లడానికి, పైకి లేవడానికి, దిగడానికి అరగంట కలపండి. పైన వీచే గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు వస్తాయి. కనుక వెళ్లేటప్పుడు ఎదురుగాలి, దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

టికెట్టు దగ్గర మాత్రం తొందరపడకండి. రాత్రి 10:00కు బయలుదేరి 12:30కు చేరుతుందని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక. చేరేసరికి మన ఇంట్లో రాత్రి రెండు గంటలు, అంటే ప్రయాణం నాలుగు గంటలు. ఫోను కోసం మేల్కొని ఉండే తల్లిదండ్రులకు ఈ గంటన్నర ముందే చెప్పి వెళ్లండి, వాళ్ల కంగారు తగ్గుతుంది.

వరంగల్ నుంచి శంషాబాద్ చేరే సమయం, అక్కడ ముందుగా ఉండాల్సిన మూడు గంటలు దీనికి అదనం. వరంగల్ పక్కనే ఉన్న మామునూరు నుంచి విమానాలు ఎగిరే రోజు వస్తే ఆ భాగం మారుతుంది.

అభ్యాసం: రాత్రి 10:00కు దుబాయ్‌లో బయలుదేరిన విమానం మూడున్నర గంటలు ఎగిరితే శంషాబాద్‌లో సమయం ఎంత? తెల్లవారుజామున 3:00 వస్తే మీ లెక్క సరైనదే.

రెండోది కొంచెం కష్టం. షికాగో విమానాశ్రయం 41.98 ఉత్తరం, 87.90 పశ్చిమం. పశ్చిమం కాబట్టి రేఖాంశాలను తీసివేయకుండా కూడాలి. ఈ పద్ధతిలో శంషాబాద్ నుంచి సుమారు 16,300 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం 13,300 మాత్రమే. గ్లోబు దొరికితే ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి, అది ఏ దేశాల మీదుగా పోతుందో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ జాబితాతోనే మొదలుపెడతాను.