రికవరీ టోలుయీన్ ఆవిరి పీడనం కొలిచే పద్ధతి

పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో కొత్తగా చేరే కెమిస్టులు నన్ను తరచూ అడిగేది ఒకటే. ‘మేడమ్, టోలుయీన్ ఆవిరి పీడనం ఎస్‌డీఎస్‌లో (భద్రతా సమాచార పత్రంలో) ఉంది కదా, మళ్లీ కొలవడం దేనికి?’ ఉంది, 20 డిగ్రీల దగ్గర సుమారు 22 మిల్లీమీటర్ల మెర్క్యురీ. అది స్వచ్ఛమైన టోలుయీన్ సంగతి. ఒకసారి వాడిన సాల్వెంట్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడటానికి నింపిన రికవరీ డ్రమ్ములో మెథనాల్ కాస్త మిగిలినా ఆ అంకె పైకి పోతుంది. పైగా మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న డ్రమ్ము 20 డిగ్రీల్లో ఎక్కడుంటుంది చెప్పండి?

రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఇచ్చిన 104వ మార్గదర్శకంలో ఆవిరి పీడనం కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. మన సాల్వెంట్లకు ఐసోటెనిస్కోప్, అంటే ద్రవం ఆవిరి పీడనాన్ని బయటి పీడనంతో సమానం చేసి కొలిచే గాజు పరికరం, సరిపోతుంది. 100 పాస్కల్ నుంచి లక్ష పాస్కల్ దాకా కొలుస్తుంది. ఆవిరి బాగా తక్కువగా ఉండే పొడులకు ఇది పనికిరాదు. వాటిని గ్యాస్ సాచురేషన్ పద్ధతి (పదార్థం మీదుగా వాయువు పంపి, అది మోసుకొచ్చిన ఆవిరిని కొలిచేది) ఉన్న ల్యాబ్‌కి పంపేయండి.

పరికరం చిన్నదే: ఒక గాజు బల్బు, దానికి అతికిన యూ గొట్టం, స్థిర ఉష్ణోగ్రత బాత్, కోల్డ్ ట్రాప్ (ఆవిరి పంపులోకి పోకుండా చల్లబరిచి పట్టే గాజు పాత్ర), వాక్యూమ్ పంపు, డిజిటల్ పీడన గేజ్. వాక్యూమ్‌లో ఉన్న గాజు ఒక్కసారిగా లోపలికి పగలొచ్చు. కాబట్టి ఫేస్ షీల్డ్ లేకుండా దగ్గరికి వెళ్లొద్దు, పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే.

ముందు నీళ్లతో సరిచూసుకోండి. 30 డిగ్రీలకు 31.8, 40కి 55.3, 50కి 92.5 మిల్లీమీటర్ల మెర్క్యురీ రావాలి. రాకపోతే లీకు వెతకండి, శాంపిల్ జోలికి పోకండి.

అసలు కష్టం గాలి తీయడంలో ఉంది. ద్రవంలో కరిగిన గాలి మిగిలితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. స్వచ్ఛమైన ద్రవమైతే పీడనం తగ్గించి మెల్లగా మరిగిస్తే గాలి పోతుంది. రికవరీ సరుకుతో అలా చేశారా, ముందు లేచిపోయేది మెథనాలే! మిగిలిన దాన్ని కొలిచి ‘భలే తక్కువ వచ్చింది’ అనుకుంటే అది డ్రమ్ములో ఉన్న సరుకు లెక్క కాదు. అందుకని బల్బు మూడొంతులు నింపి, డ్రై ఐస్, అసిటోన్ కలిపిన గిన్నెలో ముంచండి. అంత చలిలో టోలుయీన్, మెథనాల్ రెండూ గడ్డకట్టవు గానీ ఆవిరి దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కొద్దిసేపు పంపు తెరిచి, మూసి, మామూలు వేడికి రానివ్వండి. కరిగిన గాలి బుడగలుగా పైకొస్తుంది. మళ్లీ ముంచండి, మళ్లీ తీయండి. మా హెల్పర్ ‘ఏటి మేడమ్, ఇంకా బుడగలొస్తన్నాయి’ అంటూనే ఉంటాడు. అవి ఆగేదాకా తొందరపడకూడదు.

తర్వాత బల్బును వాల్చి కొంచెం ద్రవాన్ని యూ గొట్టంలోకి పంపి, బాత్‌లో పెట్టండి. నైట్రోజన్‌ను చుక్క చుక్కగా అన్నట్టు వదులుతూ రెండు వైపుల మట్టాలు సమానమైన క్షణంలో గేజ్ చదవండి. కాస్త ఎక్కువ వదిలితే నైట్రోజన్ గొట్టం దాటి బల్బులోకి దూరుతుంది, గాలి తీసే పని మళ్లీ మొదటికొస్తుంది. 20, 30, 40, 50 డిగ్రీల దగ్గర చదివి, పీడనం లాగరిథమ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమంతో గీస్తే దాదాపు సరళరేఖ రావాలి. ఒక బిందువు పక్కకు పోతే ఆ రీడింగ్ మళ్లీ తీయండి.

ఇక భద్రతకు కావలసిన లెక్క. మిల్లీమీటర్లలో వచ్చిన పీడనాన్ని వాతావరణ పీడనం 760తో భాగిస్తే మూత వేసిన డ్రమ్ము పైభాగంలో ఆవిరి వంతు తెలుస్తుంది. స్వచ్ఛమైన టోలుయీన్‌కే 20 డిగ్రీల దగ్గర 2.9 శాతం, 30 దగ్గర 4.8 శాతం. అంటుకునే హద్దులు సుమారు 1.1 నుంచి 7.1 శాతం. అంటే డ్రమ్ము లోపల మంటకు సరిపడా మిశ్రమం సిద్ధంగా ఉన్నట్టే. 40 డిగ్రీలకు దాదాపు 7.8 శాతం, అది పై హద్దు దాటింది కదా అని సంబరపడకండి. మూత తీయగానే బయటి గాలి కలిసి మళ్లీ హద్దుల్లోకి దిగుతుంది. స్థిర విద్యుత్ నిప్పురవ్వ పుట్టకుండా ఆపే ఎర్తింగ్ క్లిప్ పెట్టకుండా పంపింగ్ మొదలుపెట్టొద్దని నేను గొడవపడేది ఇందుకే.

రిపోర్టులో పీడనం పక్కన ఉష్ణోగ్రత, బ్యాచ్ నంబరు, గాలి తీసిన పద్ధతి రాయండి. కోల్డ్ ట్రాప్‌ను వేడెక్కనిచ్చే ముందే వాక్యూమ్ విప్పి, ట్రాప్ నోరు ఫ్యూమ్ హుడ్‌లోకి తెరిచి ఉంచండి. మూసి కరగనిస్తే లోపల ఆవిరి పెరిగి గాజు పగులుతుంది.