చలికాలంలో బుడాపెస్ట్: ఇద్దరికీ మూడు రోజుల ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

డిసెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్దామని నేనంటే మా ఆయన ఫోన్‌లో అక్కడి వెదర్ తీసి చూపించారు, మైనస్ రెండు. "ఇక్కడ జర్మనీలో ఊరికే వణుకుతున్నాం కదా, డబ్బులు పెట్టి మరీ అక్కడికెళ్లి వణకాలా?" అన్నారు. అదే మనిషి రెండో రోజు సాయంత్రం వేడినీళ్ల కొలనులోంచి బయటికి రానని మొండికేశారు. కాబట్టి చలికి భయపడి మానుకోకండి. భయపడాల్సింది చీకటికి. డిసెంబరులో అక్కడ సాయంత్రం 4 కాకముందే పొద్దుగూకుతుంది, ఎండాకాలం వీడియోలు చూసి ప్లాన్ వేసుకుంటే సగం చూడకుండానే చీకటి పడిపోతుంది.

ముందు కాగితాలు, డబ్బులు

మాలాగా జర్మనీలోనో, షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉన్న ఇంకో దేశంలోనో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు విడిగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ ఆ కార్డూ వెంట ఉంటే చాలు. హైదరాబాద్ నుంచో లండన్ నుంచో ఇండియన్ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లు షెంగెన్ వీసా తీసుకోవాలి. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు.

హంగరీ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా అక్కడ నడిచేది యూరో కాదు, ఫోరింట్. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు. కార్డు గీకేటప్పుడు మెషీన్ "యూరోల్లోనా, ఫోరింట్లలోనా?" అని అడిగితే కళ్లు మూసుకుని ఫోరింట్లే నొక్కండి. యూరోలు నొక్కారంటే మారకం రేటు వాళ్లిష్టం.

రూమ్ ఎక్కడ?

డెయాక్ ఫెరెన్స్ తేర్ అనే చౌరస్తాకి నడక దూరంలో తీసుకోండి. ఒకటి, రెండు, మూడు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే 100ఈ బస్సు కూడా అక్కడే దింపుతుంది (ఆ బస్సుకి టికెట్ వేరే, మామూలు టికెట్ చెల్లదు). ఏడో డిస్ట్రిక్ట్‌లో రూములు చవగ్గానే కనిపిస్తాయి గానీ అక్కడ బార్లెక్కువ, మీది రాత్రి పదింటికి పడుకునే జంట అయితే అటు చూడకండి.

కాగితం టికెట్ కొంటే సరిపోదు, మెట్రోలోకి దిగే దగ్గర చిన్న మెషీన్ ఉంటుంది, అందులో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మేం కొన్నాం కదా అని ధీమాగా దిగిపోయాం, కింద ఇద్దరు చెకర్లు నిలబడి ఉన్నారు, ఫైన్ కట్టి ఆ పూటంతా ఒకరినొకరు "నువ్వు చూడాలి కదా" అనుకుంటూ తిరిగాం. ఈ గొడవ వద్దనుకుంటే 72 గంటల పాస్ తీసుకోండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

ఒకే పెద్ద కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు, ఎందుకంటే లోపల ఎక్కడికెళ్లినా హీటింగ్ దంచేస్తుంటుంది. చెవులు కప్పే టోపీ, జారని బూట్లు మర్చిపోకండి. స్నానాలకి స్విమ్మింగ్ బట్టలు, టవల్, రబ్బరు చెప్పులు, తడి బట్టలకు ప్లాస్టిక్ కవర్ పెట్టుకోండి. కొబ్బరినూనె తీసుకెళ్తే రాయిలా గడ్డకడుతుంది, హీటర్ పక్కన పెట్టుకోవాల్సిందే.

మొదటి రోజు: వెలుతురుండగా కొండ, చీకటి పడ్డాక నది

దన్యూబ్ నదికి ఒక పక్క బుడా, అది కొండ. రెండో పక్క పెస్ట్, అది చదును. 1873లో ఈ రెండూ, పైనున్న ఓబుడా కలిసి ఒకే ఊరయ్యాయి. పొద్దున టిఫిన్ కాగానే డెయాక్ నుంచి 16 నంబరు బస్సెక్కి కోట దగ్గర దిగండి. మత్స్యకారుల బురుజు అని తెల్లటి గోపురాల కట్టడం ఒకటుంది, దాని కింది వరండాలకు టికెట్ లేదు, ఊరంతా అక్కడి నుంచే కనిపిస్తుంది.

మూడున్నరకల్లా మెట్లు దిగి బత్యాని తేర్‌కి వచ్చేయండి. ఎదురుగా నదికి అవతల పార్లమెంటు భవనం. దీపాలు వెలిగేటప్పుడు ఆ భవనం, నీళ్లలో దాని నీడ చూస్తూ నిలబడటానికి పైసా ఖర్చు లేదు, బోటు ఎక్కినవాళ్లకు కూడా ఇంతకన్నా బాగా కనిపిస్తుందని నేననుకోను. చేతులు మొద్దుబారాక రెండో మెట్రో లైను ఎక్కితే నది కిందుగా ఒకే ఒక్క స్టాపు, పార్లమెంటు ముందే తేలుతారు.

పార్లమెంటు లోపలికి వెళ్లాలంటే టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, అప్పటికప్పుడంటే దొరకడం కష్టం. యూరోపియన్ యూనియన్ పౌరులకు ఒక రేటు, మిగతావాళ్లకు దాదాపు రెట్టింపు, మన రెసిడెన్స్ కార్డు ఇక్కడ పనికిరాదు. అయినా వెళ్లొచ్చు. గోపురం ఎత్తు 96 మీటర్లు, హంగేరియన్లు ఈ నేలకు వచ్చారని చెప్పుకునే 896 సంవత్సరానికి గుర్తుగా. దాని కింద పాత రాజుల కిరీటం ఉంటుంది, పైనున్న శిలువ పక్కకి వంగిపోయి ఉంటుంది.

అక్కడి నుంచి నది గట్టు మీద దక్షిణంగా నడిస్తే ఇనుముతో చేసిన 60 జతల చెప్పులు వరసగా కనిపిస్తాయి. 1944-45లో యూదులను ఆ ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి తుపాకులతో కాల్చి చంపేశారు. వాటి పక్కన కూర్చుని సెల్ఫీలు దిగేవాళ్లను చూశాం, మీరు దిగకండి.

రెండో రోజు: తిండి, తర్వాత స్నానం

1897 నాటి పెద్ద మార్కెట్ హాలుకి పొద్దున వెళ్లండి, ఆదివారం మూసేస్తారు. మేడ మీద లాంగోష్ దొరుకుతుంది, భటూరాకి పెద్దన్న అనుకోండి, పైన వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, చీజ్ తురుము వేస్తారు. ఇద్దరికీ ఒకటి చాలు, నిజంగా చాలు. శాకాహారులకు ఇదే పెద్ద దిక్కు, సూపుల్లో మాత్రం మాంసం ఉందా అని అడిగి తాగండి.

సాయంత్రం మూడింటికి ఒకటో మెట్రో లైను ఎక్కండి. 1896లో మొదలైంది, పసుపు పెట్టెలతో బొమ్మరైలులా ఉంటుంది. సెచెన్యి ఫుర్దో స్టేషన్‌లో దిగితే ఎదురుగానే స్నానశాల. గెల్లెర్త్ స్నానశాల పేరు కూడా వినే ఉంటారు, అది 2025 అక్టోబరులో రిపేర్ల కోసం మూసేశారు, పాత బ్లాగులు నమ్మి వెళ్లకండి.

ఇక్కడ టికెట్ లాకర్‌తో ఒక రకం, క్యాబిన్‌తో ఒక రకం. క్యాబిన్ తీసుకోండి, ఇద్దరూ ఒకే గదిలో బట్టలు మార్చుకోవచ్చు, లాకర్ అయితే మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. చేతికి కట్టే పట్టీయే తాళం. వీలైతే శని, ఆదివారాలు తప్పించండి.

ఇక అసలు పరీక్ష తలుపు దగ్గర. తలుపుకీ కొలనుకీ మధ్య ఆరుబయట పట్టుమని ఇరవై అడుగులుంటాయేమో, తడి కాళ్లతో ఆ మైనస్ చలిలో నడవాలి. టవల్ కప్పుకుని, చెప్పులేసుకుని, మాట్లాడకుండా పరుగులాంటి నడక నడిచి దిగిపోండి. భూమిలోంచి 70 డిగ్రీలు దాటి ఉబికే నీళ్లను చల్లార్చి వదులుతారు, వేడి కొలను 38 డిగ్రీల దాకా ఉంటుంది. ఆవిరి ఎంత దట్టమంటే మా ఆయన నాలుగడుగుల దూరంలో ఉండి "ఎక్కడున్నావే?" అని పిలుస్తున్నారు. మెడ దాకా వేడి, తల మీద మంచు, నా జుట్టు కొసలు పుల్లల్లా బిరుసెక్కాయి. పక్కన ఇద్దరు ముసలాయనలు నడుంలోతు నీళ్లలో నిలబడి చదరంగం ఆడుకుంటున్నారు. ఇరవై నిమిషాలకోసారి బయటికొచ్చి నీళ్లు తాగండి, లేకపోతే తల తిరుగుతుంది.

మూడో రోజు

ప్లాన్ పెట్టుకోకండి. క్రిస్మస్ మార్కెట్ ఉంటే చూడండి. డిసెంబరు 24న మాత్రం షాపులు చాలావరకు మూసే ఉంటాయి, సాయంత్రానికి బస్సులూ మెట్రోలూ తగ్గిపోతాయి, ఆ రోజు భోజనం సంగతి ముందే చూసుకోండి.

ఇంటికి ఏదైనా కొనాలంటే సూపర్‌మార్కెట్‌లో దొరికే మిరపకాయ ముద్ద కొనండి. ఎరోష్ పిష్తా అని ఒకటి, ఏదెష్ అన్నా అని ఒకటి పక్కపక్కనే ఉంటాయి. అన్నా అని ఉంది కదా, మనవాడే అనుకుని మా ఆయన దాన్ని బుట్టలో వేశారు. అది తియ్యది. కారంగా ఉండేది పిష్తా, చింతపండు వేయని పండుమిరప పచ్చడిలా ఉంటుంది. మా ఫ్రిజ్‌లో పిష్తా సీసా వారానికే ఖాళీ అయింది, అన్నా ఇంకా మూత తీయకుండా అలాగే ఉంది.